అవతలి ఒడ్డు పలకలు

పడవలు కట్టే థర్స్టన్ హంట్లీ షెడ్డుకి మూడు కిటికీలున్నాయి. రేవు వైపు కిటికీకి మాత్రం అతను పాత తెరచాప గుడ్డ అడ్డంగా పెట్టి మేకులు కొట్టేశాడు. ఎవరైనా అడిగితే కళ్ళలో ఎండ పడుతోందనేవాడు. అమెరికా ఈశాన్య కొసన, కెనడాకి ఎదురుగా ఉన్న మా పెరీ కోవ్‌లో మార్చి నెలలో ఎండ అన్న మాట వింటే కుక్కలు కూడా నవ్వుతాయి. అసలు సంగతేమిటంటే, ఆ కిటికీలోంచి చూస్తే ఎదురుగా హెస్టర్ కనిపిస్తుంది. పద్నాలుగు నెలలుగా రేవు గోడకి కట్టేసి ఉన్న కొయ్యపడవ అది. స్టోవర్ దీవికి ఉత్తరాలు, గ్యాసు సిలిండర్లు, బంగాళాదుంప బస్తాలు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, అన్నీ అందులోనే వెళ్ళేవి. ఇప్పుడు వేటకి పోయేవాళ్ళలో ఎవరికి బుద్ధి పుడితే వాళ్ళు తీసుకెళ్తున్నారు. బుద్ధి పుట్టని రోజులే ఎక్కువ.

గురువారం ఉదయం థర్స్టన్ ఆవిరి పెట్టెలోంచి ఓక్ పట్టీ బయటికి లాగి, చల్లారేలోగా పడవ ఒంపుకి వంచి బిగిస్తున్నాడు. ఆ పనికి నిమిషంన్నర కన్నా వ్యవధి ఉండదు. ఆలస్యమైతే కొయ్య మొండికేస్తుంది. సరిగ్గా ఆ నిమిషంన్నరలోనే తమ్ముడు ఆర్లో కాఫీ కప్పుతో తలుపు తోసుకుని వచ్చాడు.

"అన్నా, శనివారం ఊరి సభ కాగితం చూశావా? పందొమ్మిదో అంశం?"

"ముందు ఆ కొస పట్టుకోరా."

ఆర్లో కప్పు కింద పెట్టి పట్టీ కొస అదిమి పట్టాడు. చెయ్యి చురుక్కుమంది. ఒక బూతు మాట అని, మళ్ళీ పట్టుకున్నాడు. అన్న బిగింపు మర తిప్పుతూ అన్నాడు.

"చూశాను. హెస్టర్‌ని మళ్ళీ తిప్పడానికి ప్రత్యేకంగా బిల్లు పెట్టమని దేశ చట్టసభని, అదే కాంగ్రెస్‌ని అడగడం. అంతేగా?"

"అంతే. నువ్వెలాగూ వద్దంటావు. నేనూ వద్దంటున్నాను. పుట్టి బుద్ధెరిగాక మనిద్దరం ఒక మాట మీద ఉండటం ఇదే మొదలు. కేకు కోద్దామా?"

థర్స్టన్ చెయ్యి మర మీద ఆగిపోయింది. ఈ అన్నదమ్ములిద్దరూ ఎప్పుడూ ఒకే పార్టీకి ఓటేస్తారు. గొడవంతా అక్కడే. వేరే పార్టీ వాడితో అయితే మాటామాటా అనుకుని ఇంటికి పోవచ్చు. మన దేశంలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకి సరుకు మోసే పడవ మన దేశంలో కట్టిందే అయి ఉండాలి, నడిపేవాళ్ళు మనవాళ్ళే అయి ఉండాలి అన్న చట్టం థర్స్టన్‌కి సువార్తతో సమానం. ఆర్లోకి అది పట్టపగలు దోపిడీ.

"ఆ చట్టం దొంగతనం అంటూ పదిహేనేళ్ళుగా నా చెవులు తినేశావు గదరా! ఇప్పుడు దానికి చిల్లు పెడతామంటే వద్దంటావేం?"

"అందుకే వద్దంటున్నా. 'బాబ్బాబూ, ఈ ఒక్క పడవనీ వదిలెయ్యండి' అని దండం పెట్టామనుకో, మిగతా పడవల్ని పట్టుకునే హక్కు మీకుంది దొరా అని ఒప్పుకున్నట్టే. తీస్తే మొత్తం తియ్యాలి. ఒకళ్ళకి ప్రసాదం పెట్టడం నాకు గిట్టదు."

"మొత్తం తీసేస్తే యుద్ధమొచ్చిన రోజున ఓడలెవడు కడతాడు? నీ పుస్తకాలు తేల్తాయా నీళ్ళ మీద?"

"నువ్వు కడతావా? తొమ్మిదేళ్ళలో ఎన్ని కట్టావన్నా? రెండు. శత్రువు వణికిపోతాడు."

"నోరుంది కదాని వాగకు. నువ్వు లాబ్‌స్టర్లు పట్టే చోటికి పక్క ఊరి వాడొచ్చి బోను దింపితే వాడి తాడు కోసేదెవడు? కిందటేడు ఎన్ని కోశావు? అప్పుడేమైంది నీ స్వేచ్ఛ?"

ఆర్లో కప్పు తీసుకుని చల్లారిన కాఫీ తాగాడు. "అది వేరు" అన్నాడు.

అప్పుడే లియోనా ఫారిస్ వచ్చింది. హెస్టర్ ఆమెది. యాభై ఆరేళ్ళుంటాయి. ఉన్ని టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం. ఆమె లోపలికి రాగానే థర్స్టన్ మామూలుగా చేసే పనే చేశాడు. అవసరం లేకపోయినా చీపురు తీసి ఊడ్చడం మొదలెట్టాడు.

"ఊడ్చింది చాలుగానీ ఇది చూడు. మన కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు వాళ్ళు అడిగారు. దగ్గర్లో పడవలు కట్టేవాళ్ళకి అభ్యంతరం లేదని రాసిస్తేగానీ బిల్లు కదలదట. దగ్గర్లో అంటే ఇంకెవరున్నారయ్యా, నువ్వే."

"పడవ అడుగు చూడకుండా సంతకం పెట్టను" అన్నాడు థర్స్టన్, చీపురుతోనే మాట్లాడుతున్నట్టు.

"చూడు. రేపు పదింటికి ఆటు. నీళ్ళు తీసేశాక బురద మీద కూర్చుంటుంది. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడు."

ఆమె కాగితం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆర్లో తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి అన్న మొహంలోకి ఓసారి చూశాడు. అతని చేతిలో చీపురు వంకా చూసి వెళ్ళిపోయాడు.

అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలియనిది ఒకటుంది. హెస్టర్ అమెరికాలో కట్టిన పడవే. కానీ సగం ఒళ్ళు అవతలి ఒడ్డున, అంటే కెనడాలో, కొత్తగా కట్టించుకుంటే మన రేవుల మధ్య సరుకు మోసే హక్కు పోతుంది, మళ్ళీ రాదు. అవతలికి వెళ్ళి పని చేయించుకుంటే హక్కు పోతుందని లియోనాకి తట్టనే లేదు. మావాళ్ళెవరికీ తట్టదు. పాలకీ, పెళ్ళిళ్ళకీ, పళ్ళ డాక్టరుకీ తాతల నాటి నుంచీ అటే వెళ్తాం. ఆమె కూడా అలాగే వెళ్ళి వచ్చింది. వచ్చిన మూడు వారాలకి పడవల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఒక ఉత్తరం వెళ్ళింది. 'హెస్టర్ పలకలు ఇరవై రెండు, లోపలి ఒంపు పట్టీలు పద్దెనిమిది అవతలి ఒడ్డున మార్చారు.' అందులో ప్రతి అక్షరం నిజం. రాసినవాడు థర్స్టన్.

శుక్రవారం పదింటికి రేవులో నీళ్ళు ఇరవై అడుగులు కిందికి దిగిపోయాయి. హెస్టర్ గోడకి వీపు ఆనించి బురదలో కూర్చుంది. థర్స్టన్ నిచ్చెన దిగి, బూట్లు బురదలో దిగబడుతుంటే పీక్కుంటూ పడవ చుట్టూ తిరిగాడు. కొయ్యసుత్తితో ఒక్కో పలకనీ కొట్టి చెవి ఒగ్గాడు. కుళ్ళిన పలక దగ్గు తగ్గని మనిషిలా బొంగురుగా పలుకుతుంది. ఇవి ఖంగుమన్నాయి. పలకల మధ్య సందుల్లో నూలు కూరి, పైన లప్పం పెట్టిన చోట చాకు మొన గుచ్చి చూశాడు. ఎక్కడా వెంట్రుకంత లోపం లేదు. రెండు పలకలు అతికే చోట, నీటి గీతకి కింద, ఎవరూ చూడని చోట కూడా ఆ పనివాడు చిత్రిక పట్టి నున్నగా చేశాడు.

అతను అక్కడే వంగి చాలాసేపు ఉండిపోయాడు. పని చెత్తగా ఉంటే బాగుండునని వచ్చాడు. పోనీ ఎక్కడైనా ఒక్క మేకు తప్పుగా ఉన్నా సరే. అవతలివాళ్ళు తొందర పనివాళ్ళని ముప్పై ఏళ్ళుగా ఊరంతా చాటుతూ వచ్చాడు మరి. ఈ అతుకు తను కూడా ఇంత బాగా వేసి ఉండేవాడు కాదేమో. ఆ మాట తనలో తను అనుకోవడానికే అతనికి సిగ్గేసింది.

"ఎలా ఉంది?" పైనుంచి లియోనా అడిగింది.

"పని తెలిసినవాడే."

"నీ నోటి నుంచి ఆ మాటా! ఈ పలకలు వేసిన గాలంట్ వింటే ఫ్రేము కట్టించుకుంటాడు. పైకి రా, చేపల పులుసు వేడి చేశాను."

పడవ మీది చిన్న గది అది. ఇనప పొయ్యి, బల్ల, రెండు ముక్కాలి పీటలు. పాలు పోసిన హాడక్ పులుసులో ఆమె ఉప్పు బిస్కెట్లు చిదిమి వేసింది. థర్స్టన్ తన గిన్నె వంకే చూస్తూ తింటున్నాడు. ఆమె టోపీ తీసేసింది. జుట్టు చెవి దగ్గర తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో అతనికి తెలియదు. రోజూ చూసేవాడికి తెలిసుండేది కదా అనుకున్నాడు.

"దీవి మీద తపాలా చూసే మరిల్లా లేదూ, ఈ చలికాలమంతా కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది" అంది లియోనా. "సిలిండర్ తెచ్చేవాడు లేక. నాలుగు కుర్చీలు. నేనడిగితే 'వచ్చేవాళ్ళు లేనప్పుడు కుర్చీలెందుకు' అంది. ఎనభై రెండేళ్ళ మనిషి."

అతను చెంచా కింద పెట్టాడు.

"నాకు నీ మీద కోపమేం లేదు థర్స్టన్. అసలు నీ దగ్గరే చేయిద్దామనుకున్నాను. రెండు చలికాలాలు పడుతుందన్నావు. గాలంట్ ఆరు వారాల్లో ఇస్తానన్నాడు. దీవి వాళ్ళని రెండేళ్ళు ఆపలేను కదా. అంత టైమెందుకు అడిగావసలు?"

దానికి జవాబు అతని దగ్గర ఉంది. హెస్టర్ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఆమె రోజూ వస్తుంది. రెండు చలికాలాలంటే మూడు వందల ఉదయాలు. అరవై రెండేళ్ళ మనిషి, ముసలి బ్రహ్మచారి, లెక్క వేసుకుని మరీ అడిగాడు. ఆమె అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయిందని తెలిసిన రోజున అతను చట్టం పుస్తకం తెరిచాడు. ఏవేవి మార్చాలో ఆమె అడిగిన నాడే లెక్కపెట్టుకుని ఉన్నాడు.

"కొయ్య ఎండాలిగా" అన్నాడు.

"సరేలే. నా కడుపుమంటంతా గాలంట్ మీదే. ఆ పలకల లెక్క అంత కచ్చితంగా వాడికి తప్ప ఎవరికి తెలుసు? మన ఆఫీసుకి రాసింది వాడే. ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. 'అమ్మా, నేను కాదమ్మా' అంటూనే ఉన్నాడు పాపం. మళ్ళీ వాడి మొహం చూడలేదు."

థర్స్టన్ గిన్నె పక్కకి జరిపాడు. కింద పోటు మొదలై పడవ అడుగున నీళ్ళు గలగలమన్నాయి. "కాగితం రేపు సభలో ఇస్తాను" అని లేచాడు. సగం గిన్నె పులుసు అలాగే ఉంది.

ప్రతి మార్చిలోనూ బడి హాల్లో ఊరి సభ జరుగుతుంది. రోడ్డు మీద మంచు తీసేవాడి జీతం నుంచి బురదలో ఆల్చిప్పలు తవ్వేవాళ్ళ మీద కాపలా దాకా ఓటున్న ప్రతివాడూ కార్డు ఎత్తి తేల్చాల్సిందే. వెనక వంటగదిలో ఆడవాళ్ళు బెల్లప్పాకంలో ఉడికించిన చిక్కుడుగింజలు పెద్ద కుండల్లో సిద్ధం చేస్తారు. ఆ వాసన వస్తుంటే పన్నెండు దాటాక ఎంత పెద్ద గొడవైనా చల్లబడుతుంది. స్టోవర్ దీవి కూడా మా ఊరి కిందిదే. అయినా ఆ రోజు దీవివాళ్ళు కూర్చునే రెండు బల్లలూ ఖాళీగానే ఉన్నాయి. తమ పడవ గురించి ఓటెయ్యడానికి వాళ్ళకి పడవ లేదు.

సభ నడిపే బెర్నీస్ సుత్తి కొట్టి పందొమ్మిదో అంశం చదివింది. వెంటనే ఆర్లో లేచాడు. లియోనాకి నష్టం జరిగిందని అందరికన్నా ముందు తనే ఒప్పుకుంటానన్నాడు. కానీ ఇది అడుక్కోవడం అన్నాడు. "ఇవాళ మనకి దయ చూపిస్తారు. రేపు ఇంకెవడికో చూపించరు. మనవాడి పడవైతే చట్టం తప్పు, పక్కవాడి పడవైతే చట్టం ఒప్పూనా? నేను కార్డెత్తను."

పాతికేళ్ళు సరుకు ఓడల్లో పనిచేసి వచ్చిన ముసలాయనొకడు లేచి, ఆ చట్టమే లేకపోతే తన పిల్లలు తిండి తినేవాళ్ళు కాదన్నాడు. ఒక్క చిల్లు పెడితే ఓడ మొత్తం మునుగుతుందన్నాడు. "ఆ చట్టం ఉన్నది మన థర్స్టన్ లాంటి వాళ్ళ కోసం. అతని కడుపు కొట్టి అవతలివాడికి పెట్టమంటారా?" అన్నాడు. ఒప్పుకుంటున్నట్టు చాలామంది బల్లల మీద చరిచారు. గొంతు చించుకుని దెబ్బలాడుకునే రెండు వర్గాలూ ఆ పూట ఒకే ఒడ్డుకి చేరాయి. లియోనా ముందు వరసలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

థర్స్టన్ లేచాడు. చేతిలో లియోనా ఇచ్చిన కవరు ఉంది.

"నా పేరు చెప్పారు కాబట్టి మాట్లాడతాను. చట్టం మీద నా మాట మారలేదు. రేపు తీసేద్దామని ఓటు పెడితే వద్దనే వేస్తాను. ఓడలు కట్టడం మర్చిపోయిన దేశం ఏం దేశం?" అని ఆగాడు. "కానీ హెస్టర్ గురించి ఆఫీసుకి రాసింది చట్టం కాదు. నేను."

ముందు వరసలోంచి లియోనా వెనక్కి తిరిగింది.

"గాలంట్ కాదు. నేనే రాశాను. దేశం కోసం రాయలేదు. ఆవిడ నా షెడ్డుకి రాకుండా వేరే చోటికి వెళ్ళిందని ఒళ్ళు మండి రాశాను. నిన్న పడవ అడుగు చూశాను. పని బంగారం. నా పొట్ట మీద ఎవరూ కొట్టలేదు. నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాను. ఇదిగో."

అతను కవరు తెచ్చి బెర్నీస్ బల్ల మీద పెట్టి, తన చోటికి వెళ్ళకుండా గోడ పక్కన నిలబడ్డాడు. బెర్నీస్ ఓట్లు అడిగింది. కార్డులు ఒక్కొక్కటే నెమ్మదిగా లేచాయి. ఆర్లో తన కార్డుని మోకాలి మీద పెట్టుకుని రెండు చేతులతో మూశాడు. ఔనన్నప్పుడూ ఎత్తలేదు, కాదన్నప్పుడూ ఎత్తలేదు. తొమ్మిది ఓట్ల తేడాతో అంశం నెగ్గింది.

భోజనాల దగ్గర థర్స్టన్ పక్కకి ఎవరూ రాలేదు. లియోనా పళ్ళెం తీసుకోకుండానే అతని దగ్గరికొచ్చింది. అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది.

"గాలంట్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను. ఏడ్చాను కూడా" అంది. "నువ్వు నిన్న నా పులుసు తింటూ నోరు మూసుకు కూర్చున్నావు."

"అవును."

"బిల్లు ఈ ఏడాది తేలదట. పై ఏడు కూడా అనుమానమే. నేను సోమవారం లూసియానా వెళ్తున్నాను. టగ్గు పడవ మీద రెండో అధికారి ఉద్యోగం. నూనె బార్జీలు ఈ రేవు నుంచి ఆ రేవుకి లాగాలి. మనవాళ్ళని తప్ప పెట్టుకోకూడదు గనక ఈ వయసులో నన్ను తీసుకున్నారు." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నీ చట్టం నాకు అన్నం పెట్టింది చూడు. సంతోషమేనా?"

జీవితమంతా ఆ చట్టం తరఫున అతను చెప్పిన మాట అదే. మన నావికుడికి కూడు పెడుతుంది అని.

"ఉండిపోరాదూ" అన్నాడు. అంత మెల్లగా అన్నాడు కాబట్టి ఆమె వినలేదని మేమనుకున్నాం. వింది. కోటు జేబులోంచి హెస్టర్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"వారానికోసారి అరగంట ఇంజన్ తిప్పాలి. లేకపోతే బిగుసుకుపోతుంది. నిన్ను మన్నించాననుకోకు. నీకు తప్ప ఎవరికీ చేత కాదు గనక ఇస్తున్నాను."

గురువారం తెల్లవారాక గాలి లేదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. థర్స్టన్ హెస్టర్ ఎక్కి, నూనె కొలిచి, నీళ్ళ మర విప్పి, తాళం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు మూలిగి మూడోసారికి అందుకుంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ ఒకటి లేచి పల్చబడింది. కాళ్ళ కింద చెక్క వణకడం మొదలైంది. ఆమె నిలబడే చోట, చుక్కాని దగ్గర, నేల మీద రంగు పోయి రెండు పాదాలంత మేర కొయ్య తెల్లగా బయటపడి ఉంది. అతను అందులో నిలబడలేదు. పక్కన నిలబడ్డాడు.

పది నిమిషాలయ్యాక తలెత్తి అద్దంలోంచి చూశాడు. మైలు దూరంలో స్టోవర్ దీవి రేవు మీద ఎర్ర కోటు ఒకటి కదిలింది. తర్వాత ఇంకొకటి. గూట్లో ఉన్న బైనాక్యులర్స్ తీసి పెట్టుకున్నాడు. వాళ్ళు ఇళ్ళ నుంచి దిగి వస్తున్నారు. ఒకాయన ఖాళీ సిలిండర్ దొర్లించుకొస్తున్నాడు. ఎవరో తోపుడుబండి తెస్తున్నారు. ఆరుగురు, ఎనిమిది మంది రేవు అంచున వరసగా నిలబడి ఇటే చూస్తున్నారు. నీళ్ళ మీద ఇంజన్ చప్పుడు ఎంత దూరం పోతుందో ముప్పై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నవాడు మర్చిపోయాడు.

తాళ్ళు విప్పితే ఏడు నిమిషాల దారి. అతని చెయ్యి తాడు మీదికి వెళ్ళింది. ఒక్క సిలిండర్ ఎక్కించుకున్నా నేరం. బిల్లు సంగతి అంతటితో సరి, లియోనాకి పడవ మళ్ళీ ఎన్నటికీ రాదు. అతను తాడు వదిలేసి, చుక్కాని పక్కనున్న రేడియో అందుకున్నాడు. ఇంత కష్టమైన మాట ఊరి సభలో కూడా చెప్పలేదు.

"స్టోవర్ దీవీ, హెస్టర్ నుంచి మాట్లాడుతున్నాను. థర్స్టన్‌ని." బైనాక్యులర్స్ గూట్లో పెట్టేశాడు. "పడవ రావట్లేదండీ. ఊరికే ఇంజన్ తిప్పుతున్నాను. మీరు ఇళ్ళకి వెళ్ళిపోండి. తప్పు నాదే."

రేడియో గరగరమంది. తర్వాత మరిల్లా గొంతు వచ్చింది.

"రాదని తెలుసు బాబూ. లియోనా మాకు చెప్పే వెళ్ళింది. అయినా ఆ చప్పుడు వింటే ఇంట్లో కూర్చోలేం, సిలిండర్లతో సహా దిగొస్తాం." ఆవిడ దగ్గి, మళ్ళీ బొత్తాం నొక్కింది. "అప్పుడే ఆపకు. ఇంకాసేపు తిప్పు. వింటున్నాం."

అరగంట అయిపోయింది. అతను ఆపలేదు.